ఫైర్ స్టేషన్‌లోకి అంబులెన్స్ ఎలా వచ్చింది? అమెరికా చిన్న ఊళ్ల కథ

అందరికీ నమస్కారం.

ఈ పూట మనం మాట్లాడుకోబోయేది అమెరికాలో మూడు నాలుగు వేల జనాభా ఉండే ఊళ్ల గురించి. అక్కడ ఫైర్ స్టేషన్ అంటే రెండు మూడు పెద్ద షట్టర్లున్న షెడ్డు. లోపల ఒక ఫైరింజన్, ఒక నీళ్ల ట్యాంకర్, పక్కన ఒక అంబులెన్స్. జీతం తీసుకుని రాత్రీపగలూ అక్కడే ఉండే మనిషి చాలాచోట్ల ఒక్కరూ కనబడరు. అమెరికా మొత్తం మీద ఫైర్ సిబ్బందిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది వాలంటీర్లు. వడ్రంగి, బడి మాస్టారు, రైతు, మెకానిక్... పిలుపు రాగానే చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చేవాళ్లు.

మంటలార్పడానికి పెట్టుకున్న ఏర్పాటు ఇది. కానీ ఇవాళ అక్కడి ఫైర్ శాఖలకు వచ్చే పిలుపుల్లో మూడింట రెండు వంతులకు దగ్గరగా వైద్యానికి సంబంధించినవే. గుండెనొప్పి, ఊపిరాడకపోవడం, ఇంట్లో జారిపడటం, రోడ్డు ప్రమాదం. మంటల పిలుపులు నూటికి ఐదు కూడా ఉండవు. ఈ మార్పు ఎలా వచ్చిందో చెప్పడానికి నేను ఒక్క ప్రశ్ననే పట్టుకుంటాను. మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఊళ్లో ఒకరి గుండె ఆగితే ఎవరొస్తారు, ఎన్ని నిమిషాల్లో వస్తారు, వచ్చేటప్పుడు వాళ్ల చేతుల్లో ఏముంటుంది?

1955లో ఆ ప్రశ్నకు జవాబు: శవవాహనం వస్తుంది. అంత్యక్రియలు జరిపించే సంస్థ వాళ్లదే ఆ బండి. ఊరంతటికీ మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి తీసుకెళ్లగలిగిన పొడవాటి బండి అదొక్కటే. కాడిలాక్ ఛాసిస్ మీద కట్టిన ఆ కార్లను రెండు పనులకూ పనికొచ్చేలా తయారుచేసేవారు. పిలుపు వస్తే కిటికీ తెరలు తీసేసి, పైన ఎర్రదీపం పెట్టి, లోపలి పట్టాల మీద పేటిక బదులు స్ట్రెచర్ ఎక్కించేవారు. డ్రైవర్‌కి ప్రథమచికిత్స తెలిసి ఉండాలన్న నిబంధన చాలాచోట్ల లేదు. వెనక రోగి ఒంటరిగా ఉండేవాడు. పక్కన ఎవరైనా కూర్చున్నా పైకప్పు మరీ తక్కువ ఎత్తు కాబట్టి మోకాళ్ల మీద వంగి ఉండటం తప్ప చెయ్యగలిగింది లేదు. వేగంగా తీసుకెళ్లడమే వైద్యం అనుకున్న కాలమది. 1966లో కూడా దేశంలోని అంబులెన్స్ సేవల్లో దాదాపు సగం ఇలాంటి సంస్థలే నడిపేవి. వాటి సంఖ్య 12,000.

మరి అప్పట్లో ఫైర్ శాఖ ఏం చేసేది? అస్సలు ఏమీ చెయ్యలేదనుకుంటే పొరపాటు. పొగ మింగినవాళ్లను, వంటగ్యాస్ పీల్చి పడిపోయినవాళ్లను, నీళ్లలో మునిగినవాళ్లను బతికించే యంత్రం చాలా ఫైర్ స్టేషన్లలో ఉండేది. జర్మనీలో డ్రేగర్ సంస్థ 1907లో రూపొందించిన పల్మోటర్ వీటికి ఆద్యం. సిలిండర్‌లోని ఆక్సిజన్ ఒత్తిడితోనే నడిచి, ఊపిరితిత్తుల్లోకి గాలి నెట్టి, మళ్లీ బయటికి లాగేది. ఆలోచన గొప్పదే, లోపం కూడా అక్కడే ఉంది. ఒత్తిడి ఒక స్థాయికి చేరగానే కవాటం తిరిగేలా దాన్ని చేశారు. స్పృహ లేని మనిషి నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోతే, గాలి లోపలికి వెళ్లకుండానే ఒత్తిడి ఆ స్థాయికి చేరిపోతుంది. యంత్రం టకటకమంటూ ఆడుతూనే ఉంటుంది, నిలబడ్డవాళ్లకు శ్వాస అందుతున్నట్టే ఉంటుంది, ఛాతీ మాత్రం లేవదు. చప్పుడు వినకు, ఛాతీ చూడు అని ఇవాళ్టికీ శిక్షణ మొదట్లోనే నేర్పేది ఇందుకే.

ఫైర్ శాఖతో సంబంధం లేకుండా మొదలైన ఇంకో పాయ ఉంది. వర్జీనియా రాష్ట్రంలోని రోనోక్‌లో 1909లో పడవ తిరగబడి ఇద్దరు నదిలో మునిగిపోతుంటే జూలియన్ స్టాన్లీ వైజ్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒడ్డున నిలబడి చూశాడు. చుట్టూ ఉన్న జనంలో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. పెద్దయ్యాక, 1928లో, తనతో రైల్వేలో పనిచేసే మరో తొమ్మిది మందిని కూడగట్టి స్వచ్ఛంద రక్షణ దళం పెట్టాడు. అమెరికాలో అలాంటి దళాల్లో ఇదే మొదటిదని చెప్పుకుంటారు. జీతం లేదు, శిక్షణ ఉంది, పిలిస్తే వస్తారు. తర్వాత తూర్పు రాష్ట్రాల్లో ఊరూరా ఇదే పద్ధతి పాకింది. కొన్నిచోట్ల ఆ దళం ఫైర్ శాఖలో కలిసింది, కొన్నిచోట్ల ఇప్పటికీ ఎదురెదురు షెడ్లలో విడివిడిగా ఉంది.

అసలు మలుపు 1960లో వచ్చింది. అంతకుముందు కొద్ది ఏళ్లలోనే జేమ్స్ ఎలామ్, పీటర్ సాఫర్ నోటితో నోట్లోకి ఊదే శ్వాస పాత పద్ధతులన్నిటికన్నా మెరుగని చూపించారు. బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కి చేతులు ఎత్తే పద్ధతులు అప్పటితో వెనకబడ్డాయి. 1960లో బాల్టిమోర్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ముగ్గురూ ఛాతీ కోయకుండా బయటినుంచి నొక్కి గుండెను పనిచేయించవచ్చని ప్రచురించారు. రెండూ కలిస్తే సీపీఆర్. దీని అర్థం ఏమిటో చూడండి: ఖరీదైన యంత్రం లేకుండా, డాక్టర్ లేకుండా, రెండు చేతులతో ప్రాణం నిలబెట్టొచ్చు. కానీ ఆ చేతులు వెంటనే అక్కడ ఉండాలి. సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 పాళ్లు తగ్గుతూ పోతుంది. పక్క ఊరి ఆసుపత్రి ఎంత గొప్పదైనా ఆ లెక్క మారదు.

ఆ తర్వాత 1966. జాతీయ విజ్ఞాన అకాడమీ ఒక నివేదిక తెచ్చింది. 1965 ఒక్క ఏడాదిలో ప్రమాదాల వల్ల 1,07,000 మంది చనిపోయారనీ, కోటి మందికి పైగా తాత్కాలికంగా మంచాన పడ్డారనీ, 4,00,000 మంది శాశ్వతంగా వికలాంగులయ్యారనీ లెక్క చెప్పింది. అంత్యక్రియల సంస్థల సంఖ్య నేను చెప్పింది కూడా ఆ నివేదికలోదే. అదే ఏడాది సెప్టెంబరులో జాతీయ రహదారి భద్రతా చట్టం వచ్చింది. అత్యవసర వైద్యానికి ప్రణాళిక చెయ్యని రాష్ట్రానికి రోడ్ల నిర్మాణానికిచ్చే కేంద్ర నిధుల్లో 10 శాతం దాకా కోత పెట్టొచ్చని అందులో ఉంది. వైద్యం మాట వింటే కదలని రాష్ట్రాలు రోడ్ల డబ్బు పోతుందంటే కదిలాయి. అంబులెన్సులు కొనుక్కోవడానికి ఊళ్లకు సగం డబ్బు అందిన దారి కూడా ఇదే.

సరిగ్గా ఆ కాలంలోనే అంత్యక్రియల సంస్థలు తప్పుకోవడం మొదలుపెట్టాయి. కనీస వేతన చట్టం పరిధి పెరగడంతో రాత్రంతా ఫోన్ దగ్గర కూర్చునే మనిషికి గంటల లెక్కన కట్టాల్సి వచ్చింది. శిక్షణ, పరికరాలు తప్పనిసరి కాసాగాయి. ఈ పని వాళ్లకు ఎప్పుడూ పెద్ద లాభం తెచ్చింది కాదు. చాలా ఊళ్లలో ఫలానా తేదీ నుంచి మేము రామని నోటీసు ఇచ్చేశారు. ఊరి కౌన్సిల్ ముందు ఖాళీ పడింది. ఎవరికి అప్పగించాలి? ఫైర్ స్టేషన్‌కి చలికాలం కూడా వెచ్చగా ఉండే షెడ్డు ఉంది, రేడియో ఉంది, పిలిస్తే వచ్చే ముప్పై మంది ఉన్నారు, ప్రమాదంలో నుజ్జయిన కారు తలుపులు తీసేదీ వాళ్లే. ఇంకొక కారణం ఉంది, దాన్ని చాలామంది తక్కువ చేసి చూస్తారు: చేతుల సంఖ్య. ఛాతీని రెండంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కే మనిషి రెండు నిమిషాలకే అలిసిపోతాడు, లోతు తగ్గిపోతుంది, తనకు తెలియను కూడా తెలియదు. మార్చి మార్చి నొక్కాలి. ఒకరు శ్వాస చూడాలి, ఒకరు డీఫిబ్రిలేటర్ దగ్గర, అంటే లయ తప్పిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం దగ్గర ఉండాలి, ఒకరు బండి నడపాలి, మెట్లమీంచి మోయడానికి ఇంకో ఇద్దరు కావాలి. ఇద్దరే వచ్చే అంబులెన్స్ ఈ పని చెయ్యలేదు. ఫైర్ శాఖ చెయ్యగలదు.

నగరాల్లో జరిగినవి మీరు వినే ఉంటారు, అందుకని త్వరగా చెప్తాను. 1966లో బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో నడిచే డీఫిబ్రిలేటర్‌ను అంబులెన్స్‌లో ఎక్కించాడు. మయామీలో డాక్టర్ యూజీన్ నేగెల్ ఫైర్ సిబ్బంది దగ్గర్నుంచి గుండె గీతను (ఈసీజీని) రేడియోలో ఆసుపత్రికి పంపించాడు. కాలిఫోర్నియాలో నర్సో డాక్టరో పక్కన లేకుండా పారామెడిక్, అంటే మందులు కూడా ఇచ్చేలా ఎక్కువ శిక్షణ పొందిన అంబులెన్స్ మనిషి, మందు ఇవ్వడానికి చట్టమే అడ్డొస్తే, 1970 జులైలో వెడ్‌వర్త్-టౌన్‌సెండ్ చట్టం తెచ్చి ఆ అడ్డు తీశారు. పిట్స్‌బర్గ్‌లోని ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సేవ గురించి మాత్రం ఒక నిమిషం ఆగాలి. 1967లో మొదలైన ఆ సేవలో నల్లజాతి యువకులకు, ఉద్యోగాలు దొరకవని వదిలేసినవాళ్లకు, పీటర్ సాఫర్ దాదాపు 300 గంటల శిక్షణ ఇచ్చాడు. ఆ తర్వాత దేశమంతా పారామెడిక్ పాఠాలకు పునాది అయిన అనుభవంలో వాళ్ల వాటా పెద్దది. 1975లో నగరం సొంత సేవ పెట్టి దాన్ని మూసేసింది, అక్కడ పనిచేసిన చాలామందిని పక్కకు నెట్టింది. ఈ చరిత్ర చెప్పేటప్పుడు ఫైర్ శాఖల పేర్లే చెప్పి వీళ్లను వదిలెయ్యడం అన్యాయం.

చిన్న ఊరికి పనికొచ్చిన ఆలోచన సియాటిల్‌ది. 1970లో డాక్టర్ లెనర్డ్ కాబ్, ఫైర్ చీఫ్ గోర్డన్ వికరీ కలిసి రెండంచెల పద్ధతి పెట్టారు. దగ్గర్లోని ఫైరింజన్ ముందు వెళ్లి సీపీఆర్ మొదలుపెడుతుంది, పారామెడిక్కులు కొద్ది నిమిషాల తర్వాత వస్తారు. ఊరికి పారామెడిక్ లేకపోవచ్చు, మొదటి అంచె మాత్రం ఎవరైనా కట్టుకోవచ్చు. ఆ మొదటి అంచెకు పెట్టిన పేరే ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. 1970లో ఈఎంటీలకు పరీక్ష పెట్టి ధ్రువపత్రమిచ్చే జాతీయ రిజిస్ట్రీ ఏర్పడింది. అప్పటి శిక్షణ 81 గంటలు. వారానికి రెండు సాయంత్రాలు, మూడేసి గంటలు. మూడున్నర నెలల్లో పూర్తయ్యేది. పొలం పనులు లేని చలికాలంలో పెడితే ఊళ్లో ఇరవై మంది చేరేవాళ్లు.

ఇప్పుడు పిలుపు సంగతి. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా తక్కువ రాసిన అధ్యాయం ఇదే. అమెరికా అత్యవసర నంబర్ అయిన 911కి మొదటి కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లోనే జరిగింది. కానీ చాలా గ్రామీణ జిల్లాలకు అది చేరడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టింది. అప్పటిదాకా ఏడంకెల నంబర్. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే కొందరు సభ్యుల ఇళ్లలో ఒకేసారి గంట మోగేది. ఎత్తినవాళ్లు, చాలావరకు ఆ ఇళ్ల ఆడవాళ్లు, చిరునామా రాసుకుని, షెడ్డు మీది సైరన్ మీట నొక్కి, జాబితా ప్రకారం మిగతావాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవారు. సైరన్ విన్నవాళ్లు స్టేషన్‌కి వెళ్తే తప్ప మంటా, మనిషా అన్నది తెలియదు. గాలి ఎదురుగా వీస్తే అదీ వినబడదు.

తర్వాత ప్లెక్ట్రాన్ అనే టేబుల్ రేడియో వచ్చింది. మామూలుగా మౌనంగా ఉంటుంది. తనకు కేటాయించిన రెండు స్వరాల జంట రేడియోలో వినబడితేనే తెరుచుకుంటుంది. మొదటి స్వరం ఒక సెకను, రెండోది మూడు సెకన్లు. 1970ల్లో అదే పద్ధతి నడుముకు తగిలించుకునే మినిటర్ పేజర్‌లోకి దిగింది. మంటకు ఒక జంట, అంబులెన్స్‌కు ఇంకో జంట పెట్టుకునే వీలుండటంతో అనవసరంగా అందరూ పరిగెత్తడం తగ్గింది. తప్పులు ఎక్కడ జరిగేవంటే, పిలుపు అందుకుని రేడియోలో చెప్పే డిస్పాచర్ స్వరం వదిలిన వెంటనే మాట్లాడేస్తే రిసీవర్ తెరుచుకునేలోపు చిరునామా మొదటి ముక్క పోయేది. రెండు క్షణాలు ఆగి, చిరునామా రెండుసార్లు చెప్పడం అందుకే అలవాటు చేశారు. అసలు చిరునామానే ఒక చిక్కు. గ్రామీణ టపా మార్గం నంబర్, పెట్టె నంబర్ ఉత్తరాలిచ్చేవాడికి తెలుస్తాయి, రాత్రి పూట అంబులెన్స్ డ్రైవర్‌కి తెలియవు. ఎర్ర కొట్టం దాటాక రెండో మలుపు అని చెప్పేవారు, ఆ కొట్టం పదేళ్ల కిందటే కూలిపోయి ఉండేది. 911 కోసం ప్రతి దారికీ పేరు, ప్రతి ఇంటికీ దూరాన్ని బట్టి నంబర్ ఇవ్వడం పూర్తయ్యాక తగ్గిన నిమిషాలు, వేగమైన ఇంజన్లు కొని తగ్గించినవాటికన్నా ఎక్కువేనని నా నమ్మకం.

బండి విషయానికొస్తే, 1974లో కేంద్ర ప్రభుత్వం తన కొనుగోళ్లకు ఒక నమూనా ప్రమాణం ప్రకటించింది. రాష్ట్రాలు దాన్నే పట్టుకున్నాయి. ట్రక్కు ఛాసిస్ మీద పెట్టె ఉంటే టైప్ 1, మామూలు వ్యాన్ అయితే టైప్ 2, వ్యాన్ ముందుభాగానికి పెట్టె అతికిస్తే టైప్ 3. నీలం రంగు ఆరు కోణాల నక్షత్రం, నారింజ పట్టీ అప్పుడే వచ్చాయి. కాడిలాక్ పోయి ఇది రావడంతో రోగి పక్కన మనిషి నిలబడి పనిచెయ్యగలిగాడు. చిన్న ఊళ్లు ఎక్కువగా టైప్ 1 వైపు మొగ్గడానికి కారణం డబ్బు. ఛాసిస్ అరిగిపోయాక పెట్టెను ఇంకో ట్రక్కు మీదికి మార్చుకోవచ్చు.

ఆక్సిజన్ లెక్క ఒకటి చెప్తాను, ఎందుకంటే దూరం ఉన్న ఊరికి ఇది చాలా ముఖ్యం. సిలిండర్ మీటర్‌లో కనిపించే ఒత్తిడి అంకె (పీఎస్ఐ) లోంచి 200 తీసెయ్యండి, అది ముట్టుకోకూడని నిల్వ. మిగిలినదాన్ని చేతిలో మోసే డి సిలిండర్ అయితే 0.16తో, బండిలో బిగించిన ఎం సిలిండర్ అయితే 1.56తో గుణించండి. నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తున్నారో దానితో భాగించండి. నిండా 2000 ఉన్న డి సిలిండర్ నిమిషానికి 15 లీటర్ల చొప్పున 19 నిమిషాలే వస్తుంది. ఎం సిలిండర్ మూడు గంటలు దాటుతుంది. ఆసుపత్రి 40 నిమిషాల దూరంలో ఉంటే, బండి ఎక్కించగానే గొట్టం పెద్ద సిలిండర్‌కి మార్చకపోవడం అన్నది దారి మధ్యలో బయటపడే తప్పు. రెండోది సక్షన్ యంత్రం, నోట్లో, గొంతులో అడ్డుపడ్డ వాంతి, రక్తం లాగేసేది. గొట్టం మడిచి పట్టుకుంటే నాలుగు సెకన్లలో 300 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి చేరాలి. చేరకపోతే చాలాసార్లు సీసా మూత సరిగ్గా బిగుసుకోలేదన్నమాట, లేదంటే బ్యాటరీ దిగిపోయింది. నెలలో నాలుగే పిలుపులొచ్చే ఊళ్లో పరికరాలు వాడి పాడవవు, వాడక పాడవుతాయి. వారం వారం తనిఖీ అందుకే.

1980లలో డీఫిబ్రిలేటర్ ఈఎంటీల చేతికి వచ్చింది. సియాటిల్ చుట్టుపక్కల కింగ్ కౌంటీలో మొదలైన ఈ ప్రయోగాన్ని అయోవా రాష్ట్రపు పల్లెల్లో కూడా చేశారు. గుండె గీత చదవడం మీద కొద్ది శిక్షణ ఇస్తే పల్లె వాలంటీర్లు సైతం ఈ పని చెయ్యగలరనీ, దానివల్ల ఎక్కువ మంది బతుకుతారనీ 1984లో ప్రచురించిన ఆ ఫలితాలు చూపించాయి. ఆ తర్వాత గీతను యంత్రమే చదివే ఏఈడీలు వచ్చాయి. అప్పటినుంచి అంబులెన్స్ కోసం ఆగకుండా నేరుగా ఇంటికే వెళ్లే వాలంటీర్ కారులోనో, పోలీసు కారులోనో ఒకటి ఉంచడం మొదలైంది. అక్కడా ఒక చిక్కుంది. గడ్డకట్టే చలిలో కారు డిక్కీలో పడి ఉంటే బ్యాటరీ బలం తగ్గుతుంది, ఛాతీకి అతికించే ప్యాడ్ల జిగురు పనిచెయ్యదు. ప్యాడ్ల మీద గడువు తేదీ ఉంటుంది, దాన్ని చూసే బాధ్యత ఒక మనిషి పేరు మీద రాసి ఉండాలి.

వచ్చినవన్నీ నిలవలేదు. గాలి నింపి కాళ్లను బిగించే ప్యాంటు 1970ల్లో ప్రతి అంబులెన్స్‌లోనూ ఉండేది. రక్తపోటు అంకె పెరిగేది కానీ ప్రాణాలు నిలవడం లేదని హ్యూస్టన్‌లో చేసిన పరిశోధనల తర్వాత పక్కన పెట్టారు. వెన్నెముక కదలకుండా పడిన ప్రతివాళ్లనీ గట్టి చెక్కపలకకు కట్టెయ్యడం 2013 తర్వాత తగ్గింది. ఉల్టాగా, కాలు పోతుందని భయపెట్టి మాన్పించిన టూర్నికే, అంటే రక్తం ఆపడానికి కాలికో చేతికో బిగించే పట్టీ, ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల అనుభవంతో తిరిగొచ్చింది. గాయానికి రెండు మూడంగుళాల పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా బిగించి, బిగించిన సమయం రాయాలి. సగం బిగిస్తే రక్తస్రావం ఇంకా ఎక్కువవుతుంది. చేతి తొడుగులు కూడా మొదటినుంచీ లేవు. హెచ్ఐవీ, హెపటైటిస్ భయంతో 1991లో కేంద్ర కార్మిక భద్రతా నిబంధన వచ్చాకే అవి, మూడు డోసుల హెపటైటిస్ బీ టీకా మామూలయ్యాయి.

ఇక మనుషులు, డబ్బు. 81 గంటల శిక్షణ 1980లలో 110 అయింది, ఇప్పుడు 150 నుంచి 190 దాకా ఉంది. పెంచిన ప్రతి గంటకూ కారణం ఉంది, ఏ ఒక్కటీ వృథా అనను. కానీ అదే కాలంలో ఊళ్లో మిల్లు మూతపడింది, పనికి వెళ్లేవాళ్లు నలభై మైళ్ల అవతలికి వెళ్తున్నారు. రాత్రి పదిమంది దొరికే ఊళ్లో పగలు ఒక్కరు దొరకరు. 1973లో వచ్చిన అత్యవసర వైద్య వ్యవస్థల చట్టం ప్రాంతాలకు నేరుగా డబ్బిచ్చింది; 1981లో దాన్ని రాష్ట్రాలకిచ్చే ఉమ్మడి నిధుల్లో కలిపేయడంతో చిన్న ఊళ్ల వాటా ఎవరి దయ మీదో ఆధారపడింది. వృద్ధుల బీమా అయిన మెడికేర్ కట్టేది రోగిని ఆసుపత్రికి చేర్చినందుకు, ఇన్ని మైళ్లని. నెలంతా సిద్ధంగా ఉన్నందుకు కట్టదు. ఇంటి దగ్గరే చికిత్స చేసి వదిలేస్తే మామూలుగా ఏమీ రాదు. ఏడాదికి రెండు వందల పిలుపులొచ్చే ఊరికి ఆ లెక్క ఎప్పటికీ తేలదు. చాలా రాష్ట్రాల్లో చట్టం ప్రకారం పోలీసు, ఫైర్ లాగా అంబులెన్స్ తప్పనిసరి సేవ కూడా కాదు. ఇది మారాలని నేను గట్టిగా అంటాను.

అందుకే ఆ మంగళవారం మధ్యాహ్నానికి ఇప్పుడు పనిచేస్తున్న ఏర్పాటు ఇలా ఉంటుంది. మొదటి పేజింగ్‌తోనే పక్క ఊరి అంబులెన్స్‌కూ, జిల్లా పారామెడిక్‌కూ కలిపి స్వరాలు వదులుతారు. ముందు మనవాళ్లు వెళ్లి చూసి తర్వాత పిలుస్తామంటే పది నిమిషాలు పోతాయి. అక్కర్లేదని తేలితే వెనక్కి పంపడం సులువు. ఊళ్లో ఉన్న ఇద్దరు ఏఈడీ పట్టుకుని నేరుగా ఇంటికి వెళ్తారు. రోగిని ఎక్కించుకున్న బండి ఆసుపత్రి వైపు బయల్దేరుతుంది, పారామెడిక్ ఎదురొస్తాడు. కలిసే చోటు ముందే మ్యాప్ మీద గుర్తుపెట్టి ఉండాలి: వెడల్పయిన రోడ్డు అంచు, వెలుతురు, మలుపులో కాకుండా. బండి అక్కడికి ముందే చేరితే ఆగదు, ఆసుపత్రి వైపే సాగుతూ రేడియోలో తర్వాతి చోటు చెప్తుంది. పారామెడిక్ తన మానిటర్, మందుల సంచి తీసుకుని అంబులెన్స్‌లోకి ఎక్కుతాడు, అతని కారును వాలంటీర్ ఒకరు వెనకాల నడుపుకుంటూ వస్తారు. అంబులెన్స్ నడిపే మనిషి, వెనక కూర్చునే మనిషి, కారు తీసుకొచ్చే మనిషి: ఆ మూడో మనిషిని పేజింగ్ జాబితాలో ముందే రాసి పెట్టుకోని ఊళ్లలో పారామెడిక్ కారు రోడ్డు పక్కనే ఉండిపోతుంది. రెండో పిలుపు వచ్చినప్పుడు అతను ఆసుపత్రి గుమ్మం దగ్గర బండి లేకుండా నిలబడి ఉంటాడు.